తరలించినది ఫైళ్ళనా, అక్షరాలనా?

మన సాహిత్య సంస్థలలో, గ్రంథాలయాలలో, ప్రచురణాలయాలలో ఈ మధ్య ఒక మాట తరచుగా వినవస్తున్నది. "మా పాత ఫైళ్ళన్నిటినీ సిస్టంలోకి ఎక్కించేశాము" అని. ఆ మాట చెప్పేవారి ముఖాన పిల్ల పెండ్లి చేసి అప్పగింతలు పెట్టినవారి నిశ్చింత కనబడుతుంది. ఎక్కించినది ఏమిటని అడిగితే ఇన్ని ఫైళ్ళు, ఇన్ని జీబీలు అని లెక్క చెబుతారు. ఆ ఫైళ్ళలో ఏదైనా ఒకదానిని తెరిచి అందులోని ఒక్క పద్యం చదివి వినిపించమంటే మాత్రం మౌనం వహిస్తారు. ఆ మౌనంతోనే నా తగవు.

నేను చెప్పదలచినది ఒక్కటే. డీటీపీ యుగంలో కూర్చిన తెలుగు పుస్తకాల ఫైళ్ళను ఒక డేటా నిర్వహణ వ్యవస్థలోకి చేర్చడమంటే సామాను బండికెక్కించడం కాదు. అది గ్రంథ పరిష్కరణ. తెలుగు తెలిసిన మనిషి అచ్చుప్రతిని పక్కన పెట్టుకొని సరిచూడనంతవరకు ఆ పుస్తకం తరలినట్లు లెక్క వేయరాదు. లెక్క వేస్తున్నారు గనుకనే ఈ నాలుగు మాటలు వ్రాయవలసి వచ్చింది.

ముందుగా ఈ ఫైళ్ళ పుట్టుక తెలియనివారికోసం కొంత చెబుతాను. 1990 ప్రాంతం నుండి మన అచ్చుకూటాలలో సీసపు అక్షరాలు మూలపడి కంప్యూటరు కూర్పు మొదలైంది. ఆల్డస్ సంస్థ 1985లో తెచ్చిన పేజ్‌మేకర్, 1994లో అడోబీ చేతికి వచ్చిన తరువాత, మన డీటీపీ కేంద్రాలన్నిటికీ ఇంటిపేరు వంటిదైపోయింది. దానికి తోడుగా అనూ స్క్రిప్ట్ మేనేజర్, శ్రీలిపి వంటి సాధనాలు తెలుగు అక్షరాలనిచ్చాయి. పుస్తకాలు, వారపత్రికలు, శుభలేఖలు, కరపత్రాలు, సిద్ధాంత గ్రంథాలు, అన్నీ ఆ జంటలోనే పుట్టాయి. నేటికీ చాలా చోట్ల పుడుతున్నాయి.

ఆ సాధనాలలో అక్షరం అక్షరంగా ఉండదు. ఇది కీలకమైన సంగతి. ఇంగ్లీషు అక్షరాలకు కేటాయించిన గళ్ళలో తెలుగు అక్షరాల ముక్కలను కూర్చోబెట్టారు. ఒక గడిలో తలకట్టు, ఒక గడిలో కొమ్ము, మరొక గడిలో వత్తు. ఫాంటు ఉన్నంతసేపు ఆ ముక్కలు కలిసి కంటికి తెలుగుగా కనబడతాయి. ఫాంటు తీసివేస్తే మిగిలేది ఇంగ్లీషు అక్షరాల, గుర్తుల రాశి. అది ఏ భాషా కాదు. పైగా ఏ సంస్థ గళ్ళు ఆ సంస్థవి. ఒకరి ఫాంటులో "క" ఉన్న గడిలో మరొకరి ఫాంటులో ఏ సుడియో ఉంటుంది. ఒకప్పుడు మన దినపత్రికలు తమ జాలస్థలాలకు ఎవరి ఫాంటు వారు పెట్టుకొన్నందువల్ల, వాటిని యూనీకోడులోనికి మార్చి చూపడానికి "పద్మ" అనే ప్రత్యేక సాధనమే పుట్టవలసి వచ్చింది.

మరి ప్రమాణం లేకనా? ఉన్నది. 1991లోనే భారతీయ ప్రమాణాల సంస్థ ఇస్కీ సంకేతాలను ఆమోదించింది. అదే సంవత్సరం వెలువడిన యూనీకోడు తొలి రూపంలో తెలుగు లిపికి చోటున్నది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీతో గౌతమి అనే యూనీకోడు ఫాంటు ఉచితంగా ఇంటింటికీ వచ్చింది. దేశికాచారిగారు పోతన, వేమన ఫాంటులను తయారుచేసి ఉచితంగా పంచారు. అయినా అచ్చుపని యూనీకోడులోనికి రాలేదు. పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్లకు మన వత్తులను, గుణింతాలను సరిగా పేర్చడం చాలాకాలం చేతకాలేదు. పేజ్‌మేకర్‌కు ఎన్నడూ చేతకాలేదు. ఇన్‌డిజైన్‌కు 2012 నాటి సీఎస్6తో గాని సరియైన ఏర్పాటు రాలేదు. కనుక డీటీపీ పనివారిని నిందించడం నా ఉద్దేశం కాదు. చేతనున్న పనిముట్టుతో వారు మన భాషకు ముప్ఫై ఏళ్ళు అన్నం పెట్టారు. నేను తప్పుపట్టేది ఇప్పుడు, పనిముట్లు చేతికి వచ్చిన తరువాత, ఆ ముప్ఫై ఏళ్ళ పంటను గోదాములో పోసి తాళం వేసి "భద్రపరిచాము" అనేవారిని.

తొందర ఎందుకని అడుగుతారేమో. పేజ్‌మేకర్ చివరి రూపం 7.0, అది 2001 నాటిది. 2004లో దాని అభివృద్ధిని ఆపివేశారు. దాని ఫైళ్ళను ఇన్‌డిజైన్ సీఎస్6 వరకు తెరవగలిగింది. ఆ తరువాత వచ్చిన సీసీ రూపాలు నేరుగా తెరవవు. అంటే 1990లలో, 2000లలో కూర్చిన పుస్తకం ఫైలు తెరవాలంటే పాత కంప్యూటరును బ్రతికించుకోవాలి, పాత సాఫ్ట్‌వేరును దాచుకోవాలి, నాటి ఫాంటును కూడా వెదికి పట్టుకోవాలి. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లేకపోయినా తాళపత్రం ఉన్నది, చదివే కన్ను లేదన్నట్లే. తాళపత్రానికి మూడు నాలుగు వందల ఏళ్ళ ఆయుర్దాయమైనా ఉండేది. ఫ్లాపీ ఎన్నాళ్ళున్నది? ఆ ఫ్లాపీలోనిది మార్చుకొన్న సీడీ ఎన్నాళ్ళున్నది?

ఇక ఈ తరలింపు ఎలా జరుగుతున్నదో చూడండి. పేరు చెప్పను గాని, ఒక సంస్థలో ఈ పని జరిగినప్పుడు అచ్చుదిద్దేవానిగా నన్ను పిలిచారు. పని అయిపోయిన తరువాత పిలిచారు. గుత్తకు తీసుకొన్నవారు ఒక నివేదిక ఇచ్చారు. ప్రతి ఫైలుకూ ఎదురుగా "సఫలం" అని ఉన్నది. ఆ సఫలత ఏమిటని అడిగితే, పాత డిస్కులోని ఫైలూ కొత్త వ్యవస్థలోని ఫైలూ బిట్టు బిట్టుకూ సరిపోయాయని, చెక్‌సమ్ కలిసిందని చెప్పారు. నిజమే, కలిసింది. మూసిన పెట్టెను ఇక్కడ నుండి అక్కడికి చేర్చి, బరువు తూచి, తూకం సరిపోయిందన్నారు. పెట్టెలోని అన్నం పాచిపోయిందా లేదా అన్నది తూకానికి తెలియదు. వ్యవస్థలోని వెతుకుపెట్టెలో ఒక కవి పేరు తెలుగులో కొట్టి చూశాను. ఒక్క ఫలితం లేదు. ఆ కవి సంపుటాలు అందులోనే ఉన్నాయి!

"పీడీఎఫ్ కూడా పెట్టాము కదా" అన్నారు. ఈ పీడీఎఫ్ భ్రమ గురించి ఒక మాట చెప్పక తప్పదు. పాత ఫాంటుతో చేసిన పీడీఎఫ్ కంటికి ముత్యాల్లాగా కనబడుతుంది. అందులోని ఒక వాక్యాన్ని ఎత్తి మరొకచోట అతికించి చూడండి, అరవై ఆరు రకాల గుర్తులు రాలిపడతాయి. వెదకడానికి లేదు, పదసూచిక చేయడానికి లేదు, చూపులేనివారికి యంత్రం చదివి వినిపించడానికి లేదు. అది పుస్తకానికి తీసిన ఛాయాచిత్రం. చనిపోయిన పెద్దల ఛాయాచిత్రాన్ని గోడకు తగిలించుకొంటాము, మంచిదే. బ్రతికి ఉన్నవారి విషయంలో అది చాలునా?

సరే, కొందరు ఒక అడుగు ముందుకు వేసి, మార్పిడి సాధనంతో పాఠాన్ని యూనీకోడులోనికి మార్చి ఎక్కిస్తున్నారు. సంతోషమే. అయితే మార్చినదానిని ఎవరు చదివారు? ఇక్కడ నా వృత్తిలోని సంగతులు కొన్ని చెప్పవలసి ఉన్నది.

కొన్ని ఫాంటులలో "మ" అనే అక్షరాన్ని "వ" ముక్కకు కొమ్ము ముక్క చేర్చి గీస్తారు. మార్పిడి సాధనం ఆ సంగతి ఎరగకపోతే "మనసు" కాస్తా "వునసు" అవుతుంది. ఇది పైకి తెలిసే తప్పు, ఫరవాలేదు. తెలియని తప్పులు వేరే ఉన్నాయి. "రక్తము" అనే మాటలో వత్తు జారిపోయిందనుకోండి, "రకము" మిగులుతుంది. అది కూడా చక్కని తెలుగు మాటే. ఏ యంత్రమూ దాని కింద ఎర్రగీత గీయదు. కాని పద్యంలో భగణం ఉండవలసిన చోట నగణం వచ్చి కూర్చున్నది. ఛందస్సు తెలిసినవాడు అక్కడ అడుగు తడబడి ఆగుతాడు, తెలియనివాడు కవికి చేతకాలేదనుకొంటాడు.

అరసున్న సంగతి మరీ దయనీయం. పాత ఫాంటులలో చాలావాటికి అరసున్న వేరే గడిలోనో, వేరే ఫాంటులోనో ఉండేది. మార్పిడిలో మొదట రాలిపోయేది అదే. "ఏఁడు" అంటే సంవత్సరం, "ఏడు" అంటే సంఖ్య. శకటరేఫ కూడా అంతే. "తఱి" అంటే సమయం, "తరి" అంటే ఓడ. ఇవి ఈ రోజులలో ఎవరు పాటిస్తున్నారని అడగవచ్చు. నేటి వ్రాతలో పాటించనక్కరలేదు. కాని ప్రాచీన కావ్యాన్ని, నిఘంటువును, లక్షణ గ్రంథాన్ని తరలించేటప్పుడు పాటించకపోవడానికి మనకు అధికారం ఎక్కడిది? దంత్యాలైన ౘ, ౙ అక్షరాలు యూనీకోడులోనికి 2008లో గాని రాలేదు, ఴ 2014లో, నకారపు పొల్లు 2021లో. అంతకు ముందు వ్రాసిన మార్పిడి సాధనాలకు ఆ అక్షరాలున్నట్లే తెలియదు. వాటిని ఏమి చేశాయి? పక్క అక్షరంతో సరిపెట్టాయి, లేదా మింగివేశాయి.

పరభాషా పదాలున్న చోట మరొక చిక్కు. "రాజ్‌కుమార్" అన్నప్పుడు "జ్" కింద "క" వత్తుగా దిగకుండా ఆపడానికి యూనీకోడులో కంటికి కనబడని ఒక సంకేతం ఉండాలి. పాత ఫాంటులో దానితో పనిలేదు, ముక్కలను పక్కపక్కన పెడితే సరి. సాధనం ఆ సంకేతాన్ని చేర్చకపోతే "రాజ్కుమార్" అవుతుంది. పుస్తకంలో ఉటంకింపుకోసం నడుమ ఇంగ్లీషు వాక్యం ఉంటే, ఫాంటు మారిందని గమనించని సాధనం దానిని కూడా "తెలుగు" చేసివేస్తుంది. పంక్తి చివర మాట విరిగిందని కూర్పరి చేత్తో వేసిన అడ్డగీత ఇప్పుడు పంక్తి నడుమకు వచ్చి "గ్రం-థము" అని వెక్కిరిస్తుంది. ఇవన్నీ చిన్న తప్పులే. వెయ్యి పుటల పుస్తకంలో పుటకు రెండు చొప్పున పడితే రెండు వేలవుతాయి.

అక్షరాలకు అవతల ఫైలు స్వభావంలోనే ఉన్న ఇబ్బందులు మరి కొన్ని. పేజ్‌మేకర్ ఫైలు ఒంటరిది కాదు. అందులోని పెద్ద బొమ్మలు ఫైలు లోపల ఉండకపోవచ్చు. ఫలానా డ్రైవులో, ఫలానా ఫోల్డరులో ఉన్నదన్న చిరునామా మాత్రమే ఫైలులో ఉంటుంది. ఆ డ్రైవు పోతే బొమ్మ పోయినట్లే. ఒక పుస్తకం ఒక్క ఫైలులో ఉండదు, ఫారాల వారీగా, అధ్యాయాల వారీగా ముక్కలై ఉంటుంది. ఒకే అధ్యాయానికి "ఫైనల్", "ఫైనల్ న్యూ", "లేటెస్ట్ ఫైనల్" అని మూడు ఫైళ్ళుంటాయి. వీటిలో అచ్చయినది ఏది? గుత్తదారు మూడింటినీ ఎక్కిస్తాడు, మూడింటికీ "సఫలం" అని వ్రాస్తాడు, అతని లెక్క మూడింతలవుతుంది.

అన్నిటికంటె పెద్ద చిక్కు ఒకటున్నది, అది డీటీపీ కేంద్రంలో కూర్చున్నవారికే తెలుస్తుంది. ఆ రోజులలో పేజీలను ట్రేసింగ్ పేపరు మీద తీసి ప్లేటు చేయడానికి పంపేవారు. చివరి గడియలో కనబడిన తప్పుకు మళ్ళీ పేజీ అంతా తీయడం దండుగని, సరియైన మాట మాత్రం వేరే తీసి, కత్తిరించి, ఆ కాగితం మీద అతికించేవారు. అచ్చులో తప్పు పోయింది. ఫైలులో అలాగే ఉన్నది. అంటే ఆ పుస్తకపు శుద్ధపాఠం ఫైలులో లేదు, అచ్చుప్రతిలో ఉన్నది. రెండింటినీ కలిపి చూడకుండా ఫైలును మాత్రమే తరలించినవారు, ఆ గ్రంథకర్త తన చేతులతో దిద్దుకొన్న తప్పులను మళ్ళీ అతని నెత్తిన పెట్టినవారవుతున్నారు. చనిపోయిన రచయిత వచ్చి కాదనలేడు గదా!

ఇంజనీరింగు కార్యాలయాలలో ఇటువంటి పనే జరుగుతుంది. పాత యంత్రాల నమూనా చిత్రాలను కొత్త డేటా నిర్వహణ వ్యవస్థలోనికి చేరుస్తారు. అక్కడ కూడా ఒక చిత్రం మరొక చిత్రాన్ని ఆధారం చేసుకొని ఉంటుంది, స్థానం మారితే సంబంధం తెగుతుంది. ఏ రూపం మీద ఏ మార్పు జరిగింది, ఎవరు ఆమోదించారు, ఏది చెల్లుబాటు అన్నది వ్రాసి ఉండాలి. ఒక చిల్లు కొలత తప్పితే యంత్రం బిగియదు, మనుషులకు దెబ్బ తగులుతుంది. కనుక అక్కడ తెలిసినవాడు చూసి సంతకం పెట్టవలసి ఉంటుంది. మన పుస్తకంలో వత్తు జారితే ఎవరికీ దెబ్బ తగలదు. అందువల్లనే సంతకం అడిగేవాడు లేడు. దెబ్బ తగలదన్నది మాత్రం నిజం కాదు. అది నిదానంగా, నొప్పి తెలియకుండా, భాషకు తగులుతుంది.

ఇప్పుడు ప్రతివాదుల మాటలకు వస్తాను. వారిని తేలికగా తీసివేయను.

మొదటి వాదం: "ఫైళ్ళతో ఈ తంటా ఎందుకు? అచ్చుపుస్తకాన్ని స్కాన్ చేసి ఓసీఆర్ పెడితే సరి, మిగిలిన తప్పులు కృత్రిమ మేధ దిద్దుతుంది." ఓసీఆర్ తెలుగును మునుపటికంటె బాగా చదువుతున్నదన్నది సత్యం. శుభ్రమైన అచ్చులో, నేటి వచనంలో, మంచి ఫలితమే ఇస్తున్నది. కాని ప, వ, ష లను, ద, ధ, థ లను తికమక పెట్టడం దానికి పూర్తిగా మానలేదు. పైగా "దిద్దే" యంత్రం చేసే కీడు వేరు. అది అపురూపమైన మాట కనబడగానే అది తప్పని భావించి, తనకు తరచుగా కనబడే మాటను పెడుతుంది. మాండలిక పదమూ, వృత్తి పదమూ, వ్యక్తి నామమూ అలా చాకిరేవుకు పోతాయి. లోగడ లేఖకుల తప్పు తప్పులాగే కనబడేది, కనుక పరిష్కర్త పట్టుకొనేవాడు. యంత్రం చేసిన తప్పు ఒప్పులాగా నవ్వుతుంది. యంత్రాన్ని వాడవద్దని నేననను. ఫైలు నుండి తీసిన పాఠాన్నీ, స్కాన్ నుండి ఓసీఆర్ చదివిన పాఠాన్నీ పక్కపక్కన పెట్టి, రెండూ విభేదించిన చోట్లను యంత్రం చేత చూపించుకోండి. ఇరువురు సాక్షులు చెప్పినది వేరైనప్పుడు తీర్పు చెప్పవలసినవాడు మనిషి. ఆ మనిషి పని అప్పుడు పదింట ఒక వంతుకు తగ్గినా తగ్గుతుంది.

రెండవ వాదం: "అంత డబ్బెక్కడిది?" ఈ ప్రశ్న అడిగేవారు నిల్వ స్థలానికి, సర్వర్లకు, లైసెన్సులకు, ఆవిష్కరణ సభలోని శాలువాలకు డబ్బు లేదని ఎన్నడూ అనలేదు. అచ్చుదిద్దేవాని దగ్గరకు వచ్చేసరికే ఖజానా అడుగంటుతుంది. సి.పి. బ్రౌన్ (1798-1884) కడపలో పండితులకు జీతాలిచ్చి, తాళపత్ర ప్రతులను తెప్పించి, ఒకదానితో ఒకటి పోల్పించి, శుద్ధప్రతులు వ్రాయించాడు. అప్పులు చేసి మరీ ఆ పని చేయించాడు. ఆయన గుమాస్తాలచేత తాళపత్రాల కట్టలను లెక్కపెట్టించి, బీరువాలో పెట్టించి ఊరుకొని ఉంటే మనకేమి మిగిలేది? డబ్బు నిజంగానే తక్కువైతే తక్కువ పుస్తకాలు చేయండి. పదివేల ఫైళ్ళు ఎవరికీ పనికిరాకుండా ఎక్కించడంకంటె వంద పుస్తకాలు సరిచూసి పెట్టడం మేలు. మళ్ళీ అచ్చయ్యే ఆశలేనివాటిని ముందుగా తీసుకోండి. స్థానిక చరిత్రలు, మాండలిక పదకోశాలు, లఘుపత్రికలు, జిల్లాలలో కవులు సొంత ఖర్చుతో కొద్ది ప్రతులు వేసుకొన్న సంపుటాలు. ప్రసిద్ధ నవలలను చూసుకొనేందుకు ప్రకాశకులున్నారు.

మూడవ వాదం: "హక్కుల చిక్కులున్నాయి, ఆగుదాము." మన చట్టం ప్రకారం రచయిత మరణించిన తరువాత అరవై సంవత్సరాలు హక్కు నిలుస్తుంది. 1998లో పుస్తకం వేసి ఇంకా మన మధ్య ఉన్న రచయితను తలచుకోండి, ఆయన నిండు నూరేళ్ళు ఉండాలి. ఆయన పుస్తకం అందరి సొత్తు అయ్యేనాటికి ఆ ఫైలును తెరవగల యంత్రం భూమి మీద ఉంటుందా? అందరికీ పంచడానికి అనుమతి కావాలి, నిజమే. ఆ అనుమతి రచయిత బ్రతికి ఉండగా అడగడం సుళువు. పోయిన తరువాత నలుగురు వారసుల చుట్టూ తిరగవలె.

నాలుగవ వాదం పైకి చెప్పరు, మనసులో ఉంటుంది: "వీటిని ఎవరు చదువుతారు?" ఇది బడిలో నేను ముప్ఫై ఏళ్ళు విన్న ప్రశ్నే. వెదికితే దొరకనిదానిని ఎవరూ చదవరు. దొరకకుండా చేసి, చదవడం లేదని నింద మోపడం న్యాయం కాదు. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియాలో వేలాది తెలుగు పుస్తకాలను స్కాన్ చేశారు, గొప్ప పని. కాని పేర్లను రోమను లిపిలో, తెలుగు తెలియనివారిచేత, తోచినట్లు వ్రాయించారు. ఒకే పేరులోని "థ" ఒకచోట ఒకలాగా, మరొకచోట మరొకలాగా వచ్చింది. ఉన్న పుస్తకమే లేనిదయింది. ఆ తప్పును రెండవసారి చేయడానికి మనకు సాకు లేదు.

విమర్శించి ఊరుకోవడం పండితులకు అలవాటని అంటారు గనుక, చేయవలసినదేమిటో కూడా చెబుతాను. మొదటిది, మూల ఫైలును మార్చకుండా అలాగే ఉంచండి, దానితోపాటు అది వాడిన ఫాంటును, బొమ్మలను ఒకే కట్టగా ఉంచండి. రెండవది, యూనీకోడు పాఠాన్ని వేరుగా తీసి పక్కన చేర్చండి, ఏ సాధనంతో ఎప్పుడు మార్చినదీ వ్రాయండి. మూడవది, అచ్చుప్రతితో సరిచూడండి, సరిచూసినవారి పేరు, తేదీ నమోదు చేయండి. సరిచూడనిదానికి "సరిచూడలేదు" అని స్పష్టంగా వ్రాయండి, అందులో నామోషీ లేదు. నాలుగవది, పుస్తకం పేరు, రచయిత పేరు, ముద్రణ సంవత్సరం, ఎన్నవ ముద్రణ అన్నవి తెలుగు లిపిలో వ్రాయండి, రోమను లిపి తోడుగా ఉండవచ్చు. ఐదవది, తప్పు కనబడినప్పుడు చదువరి తెలియజేసే వీలు, దిద్దినప్పుడు పాత రూపం చెరిగిపోకుండా నిలిచే ఏర్పాటు ఉండాలి. ఇవేవీ కొత్త కనుగొనుటలు కావు. ఇటువంటి వ్యవస్థలలో వీటన్నిటికీ గళ్ళు ఏర్పరచుకోవచ్చు. గళ్ళు ఖాళీగా ఉంటున్నాయి, అంతే.

ఆరవది గుత్త పత్రంలో వ్రాయవలసిన మాట. ఫైలుకు ఇంత అని కాక, సరిచూసిన పుటకు ఇంత అని కూలి కట్టండి. దేనికి డబ్బిస్తే అదే పెరుగుతుంది. ఫైళ్ళకు ఇస్తున్నారు, ఫైళ్ళు పెరుగుతున్నాయి. ఉద్యోగ విరమణ చేసిన తెలుగు పండితులు ప్రతి ఊళ్ళో ఉన్నారు. శకటరేఫను, సాధురేఫను గుర్తుపట్టగల కళ్ళు ఇంకొక పదిహేనేళ్ళు ఉంటాయేమో. మా తరం పోయిన తరువాత అచ్చుప్రతిని పక్కన పెట్టినా తేడా తెలిసేవారు అరుదవుతారు. ఇది గొప్పకు చెప్పుకొంటున్న మాట కాదు, భయంతో చెబుతున్న మాట.

చదువరులలో రచయితలుంటే వారికి ప్రత్యేకంగా ఒక మనవి. మీ పుస్తకం కూర్చిన డీటీపీ కేంద్రానికి ఈ వారంలోనే వెళ్ళండి. అది మూతపడి ఉంటే ఆ పనివాని ఇల్లు కనుక్కోండి. ఫైళ్ళు, ఫాంటు, బొమ్మలు అడిగి తెచ్చుకోండి, అతనికి తగిన ప్రతిఫలమివ్వండి. మీ దగ్గరున్న అచ్చుప్రతిలో తప్పులు ఎర్రసిరాతో దిద్ది, మొదటి పుట మీద సంతకం చేసి ఆ కట్టతో ఉంచండి. ఏ సంస్థవారైనా "మీ పుస్తకాన్ని ఎక్కించాము" అని ఫోను చేస్తే ధన్యవాదాలు చెప్పి, పదిహేడవ పుటలోని మూడవ వాక్యాన్ని చదివి వినిపించమనండి. చదవగలిగితే వారికి నమస్కారం చేయండి. చదవలేకపోతే, ఇంకా తరలింపు కాలేదని మర్యాదగా, గట్టిగా చెప్పండి.

స్వస్తి.